ఇంటి చదువు: పాఠ్యాంశాల ఎంపిక, కాల విభజన

శిశువుకు తల్లి ఒడియే తొలి బడి అన్న మాట మనకు కొత్తది కాదు. అయితే ఆ తొలి బడిలో ఏమి చెప్పవలె, ఎంత చెప్పవలె, ఏ వేళ చెప్పవలె అన్న ప్రశ్నలను గురించి మనం ఆలోచించింది తక్కువ. పాఠశాల పెట్టిన పుస్తకమే పుస్తకం, ట్యూషను మాస్టరు వచ్చిన వేళే వేళ అని ఊరకున్నాము. తత్ఫలితంగా మన ఇళ్లలో ఎనిమిదేళ్ల బాలిక సంచి బరువుగా ఉంటున్నది గాని, ఆ సంచిలోని పుస్తకంలో ఒక పేరా తప్పు లేకుండా చదివి దాని అర్థం చెప్పగల శక్తి ఆమెకు కలుగుతున్నదో లేదో విచారించే వారు లేరు.

మన ముస్లిం కుటుంబాలలో ఈ సమస్య మరింత జటిలమైనది. కోనసీమలోని మన పిల్లలలో పలువురు ఇంటిలో ఉర్దూ మాట్లాడతారు, వీధిలో తెలుగు మాట్లాడతారు, మక్తబులో అరబ్బీ అక్షరాలు దిద్దుతారు, బడిలో ఇంగ్లీషు చదువుతారు. రెండు లిపులు కుడి నుండి ఎడమకు, రెండు ఎడమ నుండి కుడికి నడుస్తాయి. దీనికి తోడు తండ్రియో తల్లియో గల్ఫు దేశాలలో ఉండగా నానీ, దాదీల చెంత పెరుగుతున్న పిల్లలు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో అన్ని మతాల కుటుంబాలలోనూ ఉన్నారు. అట్టి ఇళ్లలో చదువు చెప్పే భారం తరచుగా కళాశాలలో చదువుకొంటున్న అక్క మీద, అన్న మీద పడుతుంది. అందుచేత ఈ వ్యాసం తల్లిదండ్రులకే గాక మన విద్యార్థులకు కూడా ఉద్దేశింపబడినది.

ఇంటి చదువు మనకు క్రొత్త కాదు

ఇంటిలో చదువు చెప్పడం పాశ్చాత్యుల నుండి మనం తెచ్చుకొన్న పద్ధతి అని కొందరు భావిస్తారు. చరిత్ర అందుకు విరుద్ధంగా ఉన్నది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయ విద్యను గురించి కలెక్టర్ల నుండి నివేదికలు కోరాడు. వాటిని సమీక్షిస్తూ 1826 మార్చి 10న వ్రాసిన పత్రంలో, మద్రాసు నగరంలో ఇళ్లలో చదువుకొంటున్న వారి సంఖ్య 26 వేలకు పైగా ఉన్నదనీ, అది పాఠశాలలలోని వారికి ఐదు రెట్లకు మించినదనీ పేర్కొన్నాడు. ఆ సంఖ్యలో పొరపాటు ఉండవచ్చునని ఆయనే సందేహించినా, ఇంటి చదువు నాడు సర్వసాధారణమన్న విషయం మాత్రం స్పష్టమే.

కోనసీమ విషయానికి వస్తే రెండు సంప్రదాయాలు కనిపిస్తాయి. మొదటిది అగ్రహారాల వేదాధ్యయనం. తండ్రి వద్ద ఇంటిలోనే తైత్తిరీయ శాఖను అభ్యసించిన కోనసీమ కుటుంబాల జీవితాన్ని అమెరికా పండితుడు డేవిడ్ నైప్ 2015లో వెలువడిన తన గ్రంథంలో విపులంగా వర్ణించాడు. సంహితలో 44, బ్రాహ్మణంలో 28, ఆరణ్యకంలో 10, వెరసి 82 పన్నాలు. ఇది మొత్తం పాఠ్యం. దినదినం కొంత సంథ, ఆపైన వల్లె, కొన్ని సంవత్సరాల దీక్ష.

రెండవది మనలో ఖురాను కంఠస్థం చేసే హిఫ్జు పద్ధతి. 30 పారాలు, 114 సూరాలు మొత్తం పాఠ్యం. దినచర్యలో మూడు భాగాలు ఉంటాయి. నాటి క్రొత్త పాఠం సబఖ్. ఇటీవల నేర్చినదానిని మరల అప్పగించడం సబ్ఖీ. పూర్వం నేర్చినదానిని వంతుల వారీగా తిరిగి చదవడం మంజిల్.

మతాలు వేరైనా ఈ రెండు పద్ధతుల నిర్మాణం ఒక్కటే కావడం గమనించదగినది. మొత్తం ఎంతో ముందే నిశ్చయమై ఉన్నది. దినభాగం చిన్నది. నేర్చినదాని పునశ్చరణకు క్రొత్త పాఠంతో సమానమైన స్థానం ఉన్నది. నేటి ఇంటి చదువుకు కావలసిన కాల విభజన సూత్రం ఇందులోనే దొరుకుతున్నది.

అయితే ఒక హెచ్చరిక అవసరం. ఈ పద్ధతులు మూల పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా నిలుపుకొనే ప్రయోజనం కోసం ఏర్పడినవి. భాషను, గణితాన్ని నేర్పడానికి కంఠస్థం ఒక్కటే చాలదు. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదికలో, వీధిబడి పిల్లలు వల్లించే పద్యాల భాష వారు మాట్లాడే భాషకు దూరమైనదనీ, అందువల్ల అర్థం తెలియకుండానే వల్లిస్తున్నారనీ విమర్శించాడు. రెండు వందల ఏళ్లు గడిచినవి. ఇంగ్లీషు పాఠాన్ని అర్థం తెలియక వల్లించే నేటి పిల్లలను చూస్తే ఆ విమర్శ మనకు కూడా వర్తిస్తుంది.

ఏమి నేర్పవలె?

పాఠ్యాంశాల ఎంపికలో మొదటి నియమం: పిల్లవాని తరగతిని బట్టి కాక, శక్తిని బట్టి పుస్తకం ఎంచుకొనవలె. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో 2005 నుండి జరుగుతున్న అసర్ సర్వేలో ఒక తేలిక పరీక్ష ఉన్నది. అక్షరాలు, పదాలు, ఒకటవ తరగతి స్థాయి పేరా, రెండవ తరగతి స్థాయి కథ అందులోని మెట్లు. ఎక్కడ ఆగితే అక్కడ నుండి బోధన మొదలు. పది నిమిషాలలో ఏ అక్క అయినా తన తమ్మునికి ఈ పరీక్ష జరుపవచ్చు. నాలుగవ తరగతి బాలుడు పేరా వద్ద ఆగితే, ఇంటిలో అతనికి కావలసినది నాలుగవ తరగతి వాచకం కాదు, చిన్న చిన్న కథల పుస్తకం.

రెండవ నియమం: ఇంటిలో మాట్లాడే భాషలో చదవడం స్థిరపడిన తరువాతనే మరొక భాషలో చదువుకు వేగం పెంచవలె. చదవడం అనే విద్య ఒక భాషలో పట్టుబడితే, రెండవ లిపిలో నేర్వవలసినది అక్షరాలే గాని చదవడం కాదు. ఇంటి భాష ఉర్దూ అయినచోట ఉర్దూ కాయిదాతో, తెలుగు అయినచోట తెలుగు వాచకంతో ప్రారంభించుట మేలు. మౌల్వీ ఇస్మాయిల్ మేరఠీ పిల్లల కోసం కూర్చిన ఉర్దూ వాచకాలు మనలో తరతరాలకు పరిచితాలు. తెలుగున పెద్ద బాలశిక్ష ఉన్నది గాని, అది విజ్ఞాన సర్వస్వం వంటిది. దానిని మొదటి పుట నుండి చివరి పుట వరకు పాఠంగా చెప్పరాదు, అవసరమైన భాగాలు తీసుకొనవలె.

మూడవ నియమం: పుస్తకాలు కొద్దిగా ఉండవలె. ప్రాథమిక దశలో భాషకు ఒకటి, గణితానికి ఒకటి నిత్య పుస్తకాలు చాలును. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలను తక్కువగా చూడనవసరం లేదు. 2020–21 విద్యా సంవత్సరం నుండి మన రాష్ట్రంలో ఎదురెదురు పుటలలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్న పాఠ్యపుస్తకాలు ప్రవేశపెట్టారు. ఇంగ్లీషు రాని తల్లి కూడా తెలుగు పుట చూచి లెక్క వివరించగలదు. ఆమె ఇంగ్లీషు రాదని సిగ్గుపడి చదువు నుండి తప్పుకొనడం పిల్లలకు పెద్ద నష్టం.

తక్కిన విషయాలకు మన పరిసరమే పుస్తకం. హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ అధ్యక్షత వహించిన సంఘం 1937లో వార్ధా విద్యా ప్రణాళికను రూపొందించినప్పుడు, చేతిపనిని ఆధారం చేసుకొని తక్కిన విద్యలు నేర్పవలెనని సూచించింది. మన ఇంటిముందు కొబ్బరి దింపు జరిగే రోజున ఒక్కొక్క చెట్టుకు ఎన్ని కాయలు దిగినవో పిల్లవాడు లెక్కించి వ్రాసుకొంటే కూడిక, భాగహారం, సగటు వచ్చును. వందకు ధర ఇంత అయితే మూడు వందల నలభై కాయలకు ఎంత అని అడిగితే గుణకారం వచ్చును. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలను, తమ ఊరి కాలువను కాగితం మీద గీయిస్తే భూగోళం ప్రారంభమైనట్లే.

ఎప్పుడు, ఎంతసేపు?

విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఒకటి నుండి ఐదు తరగతులకు సంవత్సరానికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండవలె. అంటే దినానికి నాలుగు గంటలు. తరగతిలో ముప్పది మందికి పంచే కాలమది. ఇంటిలో ఒకరిద్దరి ఎదుట కూర్చొని చెప్పేటప్పుడు అంత అవసరం ఉండదు. వార్ధా ప్రణాళికలో సైతం ఐదున్నర గంటల దినచర్యలో చేతిపనికి 3 గంటల 20 నిమిషాలు కేటాయించి, మాతృభాషకు కేటాయించినది 40 నిమిషాలే.

బడికి పోయే ఎనిమిదేళ్ల బిడ్డ ఉన్న ఇంటిని ఉదాహరణగా తీసుకొందాము. ఉదయం మక్తబు, పగలు బడి, సాయంత్రం ఆట. ఈ ఆటను తొలగించరాదు. మగ్రిబు నమాజు తరువాత ఒక్క గంట ఇంటి చదువు చాలును. ఇరవై నిమిషాలు గట్టిగా చదివించడం, ఇరవై నిమిషాలు లెక్కలు, పది నిమిషాలు వ్రాత, చివరి పది నిమిషాలు గత వారపు పాఠాల పునశ్చరణ. శుక్రవారం క్రొత్త పాఠం లేక నెలరోజుల క్రిందటి పాఠాలు మరల అడగవలె. ఇదే మన సబఖ్, సబ్ఖీ, మంజిల్. గోడ గడియారం కంటె ఇంటిలో నిత్యం జరిగే పనిని గుర్తుగా పెట్టుకొన్న వేళ బాగా నిలుస్తుంది. నమాజు కాగానే, దీపం పెట్టగానే, పాలు త్రాగగానే అన్న నియమం పిల్లలకు సులువు.

బడి లేక పూర్తిగా ఇంటిలోనే చదివే పిల్లలకు ఉదయం రెండు గంటలు, మధ్యాహ్నం ఒక గంట సరిపోవును. ఒక్కొక్క పాఠం ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకు మించరాదు.

సంవత్సర ప్రణాళికలో మన ప్రాంత పరిస్థితులను మరువరాదు. 1986 ఆగస్టు, 2022 జులై వరదలలో లంక గ్రామాలు పడిన కష్టం మనకు తెలుసు. అట్టి వేళ బడులే పునరావాస కేంద్రాలవుతాయి. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థం నాడు ఏ మతపు పిల్లవాడూ పుస్తకం పట్టడు, పట్టనవసరం లేదు. చాంద్రమానం వల్ల రంజాను నెల ఏటేటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కాబట్టి 52 వారాలలో 12 వారాలు పండుగలకు, సెలవులకు విడిచి, మిగిలిన 40 వారాలలో 36 వారాలకు మాత్రమే పాఠాలు వేసుకొనవలె. నాలుగు వారాలు ఖాళీగా ఉంచితే వరద, జ్వరం, పెళ్లి వచ్చినా ప్రణాళిక చెడదు. రంజానులో క్రొత్త పాఠం ఆపి, పాతవి తిరగవేయడం ఉత్తమం.

ఒకే ఇంటిలో ముగ్గురు మూడు తరగతులలో ఉంటే ఏమి చేయవలెనన్న సందేహం కలుగవచ్చు. మదనపల్లె సమీపంలోని రిషీవ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం దీనికి దారి చూపినది. అక్కడి ఏకోపాధ్యాయ పాఠశాలలలో పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విభజించి, నిచ్చెన మెట్ల వలె అమర్చారు. ప్రతి బిడ్డ తన మెట్టు మీద తాను నడుస్తాడు. ఇంటిలోనూ ఇట్లే పెద్దది చదువుకొనేటప్పుడు చిన్నవానికి చెప్పవలె, చిన్నవాడు వ్రాసేటప్పుడు పెద్దదాని లెక్కలు దిద్దవలె.

బడి మాట

ఇంటి చదువు బడికి ప్రత్యామ్నాయమా అన్న ప్రశ్నకు నా సమాధానం స్పష్టం. మన కుటుంబాలలో అధిక సంఖ్యాకులకు అది తోడు మాత్రమే. విద్యాహక్కు చట్టం పదవ విభాగం పిల్లలను పరిసర పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటున్నది. అనారోగ్యం వల్లనో, వలస వల్లనో కొంతకాలం ఇంటిలోనే చదివిన బిడ్డకు వయసుకు తగిన తరగతిలో చేరే హక్కును, ప్రత్యేక శిక్షణ పొందే హక్కును అదే చట్టం నాలుగవ విభాగం ఇస్తున్నది. జాతీయ సార్వత్రిక విద్యాపీఠం వారి ప్రాథమిక విద్యలో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన ఏ, బీ, సీ స్థాయిలున్నవి. ఈ దారులు తెలియక, రెండేళ్లు బడి మానిన ఆడపిల్లను ఇక చాలులే అని ఇంటిలో కూర్చోబెట్టే తల్లిదండ్రులున్నారు. ఆమె కోసం ఈ సమాచారాన్ని వారికి చెప్పడం చదువుకొన్న ప్రతి ఒక్కరి బాధ్యత.

ఉపసంహారం

కొద్ది పుస్తకాలు, శక్తికి తగిన ఆరంభం, తప్పని చిన్న వేళ, క్రొత్త పాఠంతో సమానంగా పునశ్చరణ. ఇంటి చదువుకు ఇవి చాలును. ఖర్చు స్వల్పం, కావలసినది నియమం.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన గ్రంథాలయంలో ప్రాథమిక తరగతుల ఉర్దూ, తెలుగు వాచకాలకు, కథల పుస్తకాలకు ఒక బీరువా కేటాయించి, విద్యార్థులు తమ తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇంటికి తీసుకొనిపోయే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. విద్యార్థినీ విద్యార్థులారా, ఈ సెలవులలో మీ ఇంటి పిల్లలను ఒక్కొక్కరిని పిలిచి ఒక పేరా చదివించండి. ఎక్కడ ఆగినారో కాగితం మీద వ్రాసుకొని, మరునాడు అక్కడ నుండి పాఠం మొదలుపెట్టండి.