జైలు నుంచి వచ్చినవారికి మన విహారం



అంగుళిమాలుడు హత్యలు మాని భిక్షువయ్యాడు. పట్టుకోవడానికి బయలుదేరిన ప్రసేనజిత్తు రాజే అతని మార్పు చూసి, చీవరం, భోజనం ఇస్తానన్నాడు. కానీ శ్రావస్తిలో భిక్షకు వెళ్తే జనం రాళ్లేశారు. నెత్తురోడే తలతో, పగిలిన పాత్రతో బుద్ధుని దగ్గరికి వచ్చాడు.

ఇప్పటి రాళ్లు వేరు. శిక్ష ముగించుకొచ్చినవాడికి అద్దెకు గదివ్వం, పనిలో పెట్టుకోం. పుట్టుకతో వేసిన ముద్రను బాబాసాహెబ్ బాటలో కాదన్న మనం, ఇంకొకరికి ముద్ర వేయొచ్చా?

1994లో తీహార్ జైల్లో వెయ్యిమందికి పైగా ఖైదీలు విపస్సనలో కూర్చున్నారు. ధ్యానం జైల్లో నేర్పొచ్చు. సమ్యక్ ఆజీవానికి దారి మాత్రం బయట మనమే చూపాలి.

ప్రతి విహారంలో ముగ్గురు ముందుకు రండి. ఒకరు జైలు గేటు దగ్గర ఎదురుచూడండి. ఒకరు ఆధార్, రేషన్ కార్డు పనులు చూడండి. ఒకరు కూలో, మేస్త్రీ పనో వెతకండి. మైత్రి అంటే ఇదే.

జై భీమ్! నమో బుద్ధాయ!