పంజా పందెము: సంతకమునకు ముందు తెలిసికొనవలసిన సంగతులు

మన పాఠశాల బాలురలో పంజా పందెమునందు ఆసక్తి ఈ రెండు మూడేండ్లలో మిక్కిలి పెరిగినది. బల్లకు ఇరువైపుల ఇద్దరు నిలిచి, మోచేతులాని, అఱచేతులు కలిపి, ఎదుటివాని చేతిని వంచుటయే ఈ క్రీడ. తెలుగున దీనిని చేతికుస్తీ యనియు అందురు. 2023వ సంవత్సరమున ఢిల్లీలో ప్రో పంజా లీగు మొదటిసారి జరిగినది. అందు కిరాక్ హైదరాబాద్ అను జట్టు కూడ ఉండుటచే, షోలాపూరు నందలి మన తెలుగు ఇండ్ల పిల్లలు దానిని ఎంతో మక్కువతో చూచిరి. నాటినుండి ప్రాంతీయ పోటీలకు పోవుదుమని అనుమతి పత్రములు తెచ్చి, తల్లిదండ్రుల సంతకము కోరుచున్నారు.

ఆ పత్రములు ఇంగ్లీషులోనో మరాఠీలోనో ఉండును. పగలెల్ల పవర్లూము కడ నిలిచి వచ్చిన తండ్రికి గాని, బీడీలు చుట్టి అలసిన తల్లికి గాని వానిని చదివించుకొను తీరిక యుండదు. పిల్లవాడు చూపిన చోట వ్రాలు పడును. కావున ఈ పోటీలెట్లు ఏర్పాటగునో, వానికి అనుమతి యెవరిచ్చెదరో, సంతకమునకు ముందు ఏమేమి విచారింపవలెనో ఇచట వివరించుచున్నాము.

పందెము క్రీడయైన విధము

బలపరీక్షగా ఇది మిక్కిలి ప్రాతది. నియమములు గల క్రీడగా క్రొత్తది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున పెటలూమా అను పట్టణము కలదు. అచ్చట 1952లో ఒక పానశాలలో మొదలైన పందెమును బిల్ సోబరానెస్ అను పత్రికారచయిత క్రమముగ జరుగు పోటీగా పెంచెను. 1962లో అది ప్రపంచ పోటీ యను పేరు దాల్చెను. ప్రపంచ చేతికుస్తీ సమాఖ్య 1977లో ఏర్పడెను.

పానశాలలోని పందెమునకును క్రీడకును భేదమేమి? చేతి బలము రెండింట నొక్కటే. పానశాలలో ఓడినవాని చేయి యేమైనదని అడుగువాడు లేడు. క్రీడలో ఆ చేతికి జవాబు చెప్పవలసిన వాడొకడుండును. వాడెవడో ముందుగనే వ్రాతమూలముగ నిర్ణయించుటయే అనుమతి యొక్క సారము.

గుర్తింపు, అనుమతి

ఈ రెండు మాటలును ఒకటి కావు. గుర్తింపు సంఘమునకు కలుగునది. అనుమతి ఒక్కొక్క పోటీకి లభించునది. ఊరిలోని వ్యాయామశాల జిల్లా సంఘమున చేరును. జిల్లా సంఘము రాష్ట్ర సంఘమునకును, అది జాతీయ సమాఖ్యకును, జాతీయ సమాఖ్య అంతర్జాతీయ సమాఖ్యకును అనుబంధమై యుండును.

పోటీ జరుపదలచినవారు తేదీ, స్థలము, బరువు వర్గములు, వయోవర్గములు తెలుపుచు పై సంఘమునకు దరఖాస్తు చేయుదురు. అదే దినమున సమీపమున వేరొక పోటీ లేకుండ సంఘము చూచును. శిక్షణ పొందిన రిఫరీలను నియమించును. నిర్వాహకులు నియమములను పాటింతుమని ఒప్పుకొని, పోటీ ముగిసిన పిదప ఫలితములను నివేదింతురు. పై స్థాయి పోటీలకు ఆటగాండ్రను ఎంపిక చేయుటకు ఆ ఫలితములు ఆధారమగును.

ప్రాంతీయ పోటీలలో పాల్గొనువారు వేతనము గొనువారు కారు. ప్రవేశ రుసుము తామే చెల్లించి, పతకమో ధ్రువపత్రమో పొందుదురు. నిర్వాహకులును తరచుగ స్వచ్ఛందముగ శ్రమించువారే. వారి శ్రమను మేము తక్కువ చేయము. కాని ధనము చాలనిచో మొదట తగ్గునది వైద్యుని ఏర్పాటే గనుక, దానిని గూర్చి పోషకులు మొగమాటము లేక అడుగవలెను.

మన దేశమున జాతీయ క్రీడా సమాఖ్యల గుర్తింపును కేంద్ర క్రీడామంత్రిత్వశాఖ చూచుచు వచ్చినది. 2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టమును చేసి, ఆ పనికొక జాతీయ మండలిని నిర్దేశించినది. పంజా ఒలింపిక్ క్రీడలలో లేదు. జాతీయ సంఘమని చెప్పుకొనునవి ఒకటికి మించి యున్నవి. అంతర్జాతీయ సమాఖ్యలును ఒకటికి మించి యున్నవి. కాగితము తలకట్టున 'అఖిల భారత' అని పెద్ద అక్షరములున్నంత మాత్రమున తృప్తి పడరాదు. ఈ ధ్రువపత్రముతో పరీక్షలో మార్కులు వచ్చును, ఉద్యోగము వచ్చును అని ఎవరైన ఆశ చూపినచో, ఆ ప్రయోజనమునకు ఆ పోటీ ప్రభుత్వ జాబితాలో నున్నదా యని వ్రాతమూలముగ అడుగవలెను.

పోటీ జరుగు విధము

మొదటి పని తూకము. అంతర్జాతీయ నియమముల ప్రకారము పెద్దలైన పురుషులకు 55 కిలోల వర్గము మొదలు 110 కిలోలకు పైబడిన వర్గము వరకు విభాగములు కలవు. స్త్రీలకు వేరు వర్గములు, బాలురకు వయస్సును బట్టి వేరు వర్గములు ఉన్నవి. కుడిచేతి పోటీ వేరు, ఎడమచేతి పోటీ వేరు. తూకము లేక, వయస్సు విచారింపక, "ఎవరు వచ్చినను సరే" యని పిలుచు పోటీకి పిల్లవానిని పంపరాదు.

బల్ల కూడ సాధారణమైన బల్ల కాదు. నిలిచి ఆడు బల్ల ఎత్తు 40 అంగుళములు. మోచేయి ఆనుటకు 7 అంగుళముల చదరపు మెత్తయు, ఓడిన చేయి తాకుటకు ఇరుప్రక్కల 4 అంగుళముల ఎత్తు మెత్తయు ఉండును. రెండవ చేతితో పట్టుకొనుటకు నిలువు పిడి యుండును. ఓడిన చేయి గట్టి చెక్కకు కొట్టుకొనకుండ ఆ ప్రక్క మెత్తలు కాపాడును. మన తరగతి గది బల్లకు ఇట్టివేవియు లేవు.

ఒక్క ఓటమితో ఆటగాడు తొలగిపోడు. రెండుసార్లు ఓడినవాడే తొలగును. ఎనిమిది మంది ఆటగాండ్రున్నారనుకొందము. విజేత తప్ప తక్కిన ఏడుగురును రెండేసి మార్లు ఓడవలెను. అనగా 14 ఆటలు. విజేతయు ఒకమారు ఓడియున్నచో 15 ఆటలు. ఈ లెక్కను పిల్లలచే వేయించి చూడుడు; అప్పుడు ఒక్క దినమున ఒక్క చేతిపై ఎంత శ్రమ పడునో వారికే తెలియును.

ప్రతి ఆటకు ఇద్దరు రిఫరీలు ఇరుప్రక్కల నిలుతురు. భుజములు బల్లకు సమముగ నుండవలెను, మణికట్టు వంగరాదు, బొటనవ్రేలి కణుపు కనబడవలెను. ఇద్దరును పట్టు కుదుర్చుకొనలేనిచో రిఫరీయే కుదుర్చును. "రెడీ, గో" అను ఆజ్ఞకు ముందు లాగరాదు. మోచేయి మెత్తను విడిచినచో తప్పు; రెండు తప్పులు చేసినచో ఓటమి. చేతులు జారిపోయినచో పట్టీతో కలిపి కట్టుదురు. చేయి విఱుగుటకు అనువైన స్థితిలోనికి ఆటగాడు పోవుచున్నపుడు రిఫరీ హెచ్చరించును. ఈ ఒక్క పనికై రిఫరీ యుండిన చాలునని మా అభిప్రాయము.

ఎముక మాట

పంజాలో విఱుగునది తరచుగ మణికట్టు కాదు. భుజము నుండి మోచేతికి దిగు పెద్ద ఎముక. ఎదుటివాడు చేతిని ఒకవైపు త్రిప్పుచుండగా, ఓడనొల్లనివాడు మొగమును, భుజమును వేరొకవైపు త్రిప్పును. తడిబట్టను పిండినట్లు ఆ ఎముక మెలిపడి, మెలికగానే విఱుగును. ఆ ఎముకను చుట్టి పోవు నరము దెబ్బతిన్నచో కొంతకాలము మణికట్టు పైకి లేవదు. కావున చూపును తన చేతిమీదనే నిలిపి, భుజమును చేతి వెంటనే పోనిచ్చుట మొదటి పాఠము. చేయి తన అదుపు తప్పినదని తోచినప్పుడు ఓటమిని ఒప్పుకొనుట రెండవ పాఠము.

ఎదుగు పిల్లలకు వేరొక అపాయము కలదు. 14, 15 ఏండ్ల ప్రాయమున మోచేతి లోపలి ప్రక్కనున్న ఎముక కొన ఇంకను పూర్తిగ అతుకుకొని యుండదు. కండరము గట్టిగ లాగినపుడు ఆ కొన ఊడి రావచ్చును. ఈ వయస్సు వారికి పంజా వలన ఇట్టి దెబ్బ తగులుట వైద్యులకు బాగుగ తెలిసిన విషయము. అంతర్జాతీయ నియమములు ఈ వయస్సు వారికిని ఒక వర్గమును ఏర్పరచినవి. అయినను నియమము ఒప్పినంత మాత్రమున మీ పిల్లవాని ఎముక సిద్ధమైనదని అర్థము కాదు.

దెబ్బ తగిలినచో చేతిని లాగరాదు, తైలము పూసి మర్దింపరాదు. ఉన్న స్థితిలోనే కదలకుండ ఆనిక నిచ్చి, వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను.

సంతకమునకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

1. ఈ పోటీకి అనుమతి యిచ్చిన సంఘమేది? ఆ పత్రము చూపగలరా?
2. రిఫరీలను ఎవరు నియమించిరి?
3. తూకము ఎప్పుడు? మా పిల్లవాడు ఏ బరువు, ఏ వయోవర్గమున ఆడును?
4. వైద్యుడు అచటనే యుండునా? దెబ్బ తగిలినచో ఖర్చెవరిది? బీమా కలదా?
5. "ఏ హాని కలిగినను నిర్వాహకులు బాధ్యులు కారు" అను వాక్యము పత్రమున ఉన్నదా? ఉన్నచో, ఆ బాధ్యత ఎవరిపై మోపబడినది?

ఈ ప్రశ్నలకు కోపగించు నిర్వాహకుని కడకు పిల్లవానిని పంపవలదు. మంచి నిర్వాహకుడు వీనిని వినుటకు సంతోషించును.

పాఠశాల నిర్ణయము

తొమ్మిదవ తరగతికి లోపలి పిల్లలను ఏ పంజా పోటీకిని మేము పంపము. పైతరగతుల వారిని తల్లిదండ్రుల సంతకముతోపాటు వైద్యుని పత్రము ఉన్నప్పుడే పంపుదుము. తరగతి బల్లలపై, విరామ సమయమున, పంజా ఆడుటను నిషేధించితిమి. అనుమతి పత్రమును పాఠశాలకు తెచ్చినచో ఉపాధ్యాయులు దానిని తెలుగున చదివి అర్థము చెప్పుదురు. ఇందుకు శనివారము మధ్యాహ్నము కేటాయించినాము.

మరియొక మాట. పిల్లవాడు చిన్న వయోవర్గమున ఆడునట్లు పుట్టిన తేదీని మార్చి ధ్రువపత్రమిమ్మని కొందరు మమ్ములను అడుగుచున్నారు. అట్టి పత్రముపై మేము సంతకము చేయము. ఆ కాగితము వలన మన పిల్లవాడు గెలువవచ్చును. కాని బల్లకు ఆవలి వైపున వానికంటె రెండేండ్లు చిన్నవాడు నిలిచి యుండును. వాడును ఒక యింటి బిడ్డయే.

మన ఇండ్లలో చేయి యన్న అన్నము. మగ్గమైనను, కలమైనను, సంసారము నిలుచునది ఆ చేతి మీదనే. పిల్లలు ఆడవలదని మేము చెప్పుట లేదు. ఆడుదురు గాక, గెలుతురు గాక. మీరు మాత్రము చదువక సంతకము చేయవలదని మా మనవి.