మొద్దుబారిన నరం మేల్కొనే వేళ

ఎముకలకు, కీళ్లకు శస్త్రచికిత్స చేసేటప్పుడు ఆ అవయవానికి వెళ్లే నరాల చుట్టూ మత్తుమందు ఎక్కించడం నేడు సాధారణమైంది. దీనివలన చేయిగాని, కాలుగాని పూర్తిగా మొద్దుబారుతుంది. మందును బట్టి ఈ ప్రభావం సుమారు 8 నుండి 24 గంటల వరకు ఉంటుంది. ఆ సమయంలో రోగి "నొప్పే లేదు, మాత్రలెందుకు?" అంటాడు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఉదయం ఇచ్చిన మత్తు తరచు రాత్రివేళ దిగిపోతుంది. అప్పుడు నొప్పి ఒక్కుమ్మడిగా విరుచుకుపడుతుంది. ఆపైన మింగిన మాత్ర పనిచేయడానికి అరగంట నుండి గంట పడుతుంది.

కనుక వైద్యుడు వ్రాసిన మాత్రలను మొద్దు ఉండగానే ప్రారంభించి, మొదటి 2, 3 రోజులు వేళ తప్పక ఇవ్వవలెను. నిద్రకు ముందు మోతాదు మరువరాదు. తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండడం మత్తు దిగుతున్నదనుటకు తొలి గుర్తులు. పారాసిటమాల్ వేర్వేరు మాత్రలలో ఉండవచ్చును. పెద్దలకు అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు మించరాదు. కాలేయవ్యాధి ఉన్నవారికి ఇంకా తగ్గించవలెను.

స్పర్శ లేనంతవరకు వేడి కాపడం పెట్టరాదు; చర్మం కాలినా తెలియదు. ఆ కాలిపై బరువు మోపి నిలబడరాదు. అవయవాన్ని దిండ్లపై గుండెకంటె ఎత్తున ఉంచవలెను. స్పర్శ వచ్చిన పిదప మంచుముక్కలను గుడ్డలో చుట్టి, కట్టు తడవకుండా 15-20 నిమిషాలు ఉంచవచ్చును.

శస్త్రం వలన కలిగిన నొప్పికి అతిమధురం చేర్చిన గోరువెచ్చని నేతితో తడుపుట సుశ్రుత సంహితలో ఉన్నది. నొప్పిని ఊరక ఓర్చుకొమ్మని ఆ గ్రంథం చెప్పలేదు, శమింపజేయమన్నది. అయితే కుట్లు వేసిన నేటి గాయంపై నెయ్యి, పసుపు, తైలం పూయరాదు; మర్దన తగదు. పసుపు కలిపిన పాలు ఆహారంగా త్రాగవచ్చును. గుగ్గులు వంటి ఔషధాలను మాత్రం శస్త్రవైద్యునికి తెలుపకుండా వాడరాదు. రక్తాన్ని పలుచబరచే మందులు వాడేవారు మరింత జాగ్రత్త వహించవలెను. కొన్ని నొప్పి మాత్రలు మలబద్ధకం కలిగిస్తాయి. తగినంత నీరు, ఆకుకూరలు, నానబెట్టిన ఎండుద్రాక్ష మేలు చేస్తాయి.

వేళకు మందులు ఇచ్చినా నొప్పి పెరుగుతూ పోవడం, వ్రేళ్లు కదిపితే భరించరాకపోవడం, అవయవం బిగుసుకొని పాలిపోవడం, వైద్యుడు చెప్పిన గడువు దాటినా మొద్దు వీడకపోవడం, పిక్క వాచడం, ఆయాసం — వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.