కంచెలా నిలబడ్డ ఆటగాడు

చేనుకి కంచె ఉంటుంది. పంట బాగా పండితే అందరూ చేనుని మెచ్చుకుంటారు. కంచెని మెచ్చుకునేవాళ్ళు తక్కువ. కానీ కంచె లేకపోతే పంట పశువుల పాలే.

ఫుట్‌బాల్ ఆటలో కూడా కంచెలాంటి ఆటగాళ్ళు ఉంటారు. అలాంటి ఒక ఆటగాడి కథ ఇది. అతని పేరు ట్రయానోస్ డెల్లాస్. అతనిది గ్రీసు దేశం. గ్రీసు యూరపు ఖండంలో సముద్రం ఒడ్డున ఉంది. చిన్న దేశం. జనాభా సుమారు కోటి.

ఆట ఎలా ఆడతారు?

ఫుట్‌బాల్ బంతిని కాలితో తన్ని ఆడే ఆట. తలతో కూడా కొట్టవచ్చు. ఒక్కో జట్టులో 11 మంది ఉంటారు. ఆట 90 నిమిషాలు సాగుతుంది. మైదానానికి రెండు వైపులా గోలు స్తంభాలు ఉంటాయి. ఎదుటి జట్టు స్తంభాల మధ్యకి బంతిని పంపితే దాన్ని గోలు అంటారు. ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళు గెలిచినట్టు.

ముందు వరుసలో ఉండేవాళ్ళు గోల్స్ కొడతారు. పేపర్లలో బొమ్మలు వాళ్ళవే పడతాయి. వెనక వరుసలో ఉండేవాళ్ళు ఎదుటి జట్టుని అడ్డుకుంటారు. వీళ్ళని డిఫెండర్లు అంటారు. పది సార్లు ఆపితే ఎవరూ చూడరు. ఒక్కసారి తప్పితే అందరూ తిడతారు. డెల్లాస్ ఇలాంటి డిఫెండరు.

ఊరు దాటి, దేశం దాటి

డెల్లాస్ 1976లో పుట్టాడు. అతని ఊరు థెస్సలొనీకి. అది గ్రీసులో పెద్ద రేవు పట్నం. అక్కడి అరిస్ జట్టులో ఆట మొదలు పెట్టాడు. 1997లో ఇంగ్లండు వెళ్ళాడు. అప్పటికి అతని వయసు 21. పరాయి దేశం, పరాయి భాష. అక్కడ రెండేళ్ళు ఆడి, 1999లో తిరిగి వచ్చాడు. ఏథెన్స్ నగరంలోని ఏ.ఇ.కె. జట్టులో చేరాడు. ఆ తర్వాత ఇటలీ వెళ్ళి, రోమా అనే పేరున్న జట్టుకి ఆడాడు.

మనిషి దాదాపు ఆరున్నర అడుగుల ఎత్తు. అందుకే అభిమానులు అతన్ని 'మహాకాయుడు' అన్న అర్థం వచ్చే పేరుతో పిలిచేవాళ్ళు.

2004 ఎండాకాలం

యూరపు దేశాలన్నిటికీ నాలుగేళ్ళకోసారి ఫుట్‌బాల్ పోటీలు జరుగుతాయి. 2004లో అవి పోర్చుగల్ దేశంలో జరిగాయి. 16 జట్లు వచ్చాయి. గ్రీసు గెలుస్తుందని ఎవరూ అనుకోలేదు. అంతకు ముందు పెద్ద పోటీల్లో గ్రీసు ఒక్క ఆట కూడా గెలవలేదు మరి!

గ్రీసు జట్టుకి శిక్షణ ఇచ్చినాయన ఓటో రెహాగెల్. ఆయనది జర్మనీ. ఆయన పథకం తేలికైనదే. వెనక వరుసలో ఒక్కొక్కరూ ఒక్కొక్క ప్రత్యర్థిని అంటిపెట్టుకుని ఉండాలి. వాళ్ళని తప్పించుకుని బంతి వస్తే, అందరి వెనకా డెల్లాస్ ఉంటాడు. చివరి కంచె అతనే.

గ్రీసు మొదటి ఆటలోనే పోర్చుగల్‌ని ఓడించింది. తర్వాత ఫ్రాన్సుని ఓడించింది. జులై 1న చెక్ జట్టుతో ఆట. చెక్ జట్టు అప్పటిదాకా ఆడిన నాలుగు ఆటలూ గెలిచింది. ఈసారి 90 నిమిషాలు అయినా రెండు వైపులా గోలు లేదు. మరో 15 నిమిషాలు ఆడమన్నారు. ఆ 15 నిమిషాల్లో ఒక జట్టు ముందంజలో ఉంటే ఆట అక్కడితో ముగుస్తుంది. ఇది అప్పటి నియమం. ఆ పోటీల తర్వాత దాన్ని తీసేశారు.

సమయం అయిపోవచ్చింది. గ్రీసు ఆటగాడు మైదానం మూల నుంచి బంతిని లోపలికి కొట్టాడు. వెనక ఉండవలసిన డెల్లాస్ ముందుకి వచ్చాడు. తలతో బంతిని గోలులోకి నెట్టాడు. చెక్ జట్టుకి ఇక ఆడే వ్యవధి లేదు. గ్రీసు గెలిచింది. దేశం తరఫున డెల్లాస్ కొట్టిన గోలు అదొక్కటే.

జులై 4న ఆఖరి ఆట. గ్రీసు మళ్ళీ పోర్చుగల్‌ని 1-0తో ఓడించి కప్పు గెలుచుకుంది. చివరి మూడు ఆటల్లో గ్రీసు మీద ఎవరూ ఒక్క గోలు కూడా కొట్టలేకపోయారు. అది కంచె గొప్పతనం.

అయితే గెలుపు ఎప్పుడూ ఉండదు. 2008 పోటీల్లో గ్రీసు మూడు ఆటలు ఆడి మూడూ ఓడిపోయింది.

కష్టంలో ఉన్న జట్టు

ఏ.ఇ.కె. జట్టుకి ఒక కథ ఉంది. యుద్ధం వల్ల చాలామంది గ్రీకులు తమ ఊళ్ళు వదిలిపెట్టి వచ్చారు. అలా ఇస్తాంబుల్ నగరం నుంచి ఏథెన్స్ చేరినవాళ్ళు 1924లో ఈ జట్టుని పెట్టుకున్నారు. పోగొట్టుకున్న తమ ఊరి పేరునే జట్టుకి పెట్టుకున్నారు.

డెల్లాస్ 2012లో ఆట మానేశాడు. 2013లో ఏ.ఇ.కె. జట్టు అప్పుల్లో కూరుకుపోయింది. ఆటలోనూ ఓడింది. మొదటి శ్రేణి నుంచి ఏకంగా మూడో శ్రేణికి దిగింది. అలాంటి సమయంలో డెల్లాస్ జట్టుకి శిక్షకుడు అయ్యాడు. చిన్న చిన్న మైదానాల్లో మళ్ళీ మొదటి నుంచి ఆట సాగింది. ఏడాదికి ఒక మెట్టు ఎక్కారు. 2015లో జట్టు తిరిగి మొదటి శ్రేణికి చేరింది. అదే ఏడాది అక్టోబరులో ఒక పెద్ద ఓటమి తర్వాత డెల్లాస్ ఆ పని నుంచి తప్పుకున్నాడు. కానీ అప్పటికే జట్టు తన కాళ్ళ మీద తాను నిలబడింది.

కొత్త మాటలు

ప్రత్యర్థి – ఎదుటి పక్షంవాడు
శిక్షకుడు – నేర్పేవాడు
శ్రేణి – వరుస, మెట్టు
వ్యవధి – గడువు, సమయం

చెప్పండి చూద్దాం

1. డిఫెండరు చేసే పని ఏమిటి?
2. చెక్ జట్టుతో ఆట 90 నిమిషాలు, ఆపైన 15 నిమిషాలు జరిగింది. మొత్తం ఎన్ని నిమిషాలు?
3. ఏ.ఇ.కె. జట్టుని ఎవరు పెట్టారు? ఎందుకు?
4. మీ ఇంట్లో, మీ సంఘంలో వెనక ఉండి కాపాడేవాళ్ళు ఎవరు? వాళ్ళ పనికి పేరు వస్తోందా? కలిసి మాట్లాడుకోండి.