చివరి అంకె విలువ

దశాంశములలో చివరి అంకెను వదలివేసిన ఒక బాలునకు మార్కు తగ్గింపగా, వాని తండ్రిగారు వచ్చి, "అయ్యా, అంత చిన్న అంకెకు ఇంత పట్టింపేల?" అని అడిగిరి. నాడు నేను నియమమును మాత్రమే చెప్పితిని, కారణము చెప్పలేదు. ఆ లోపమును ఇచట తీర్చుకొనుచున్నాను.

మ్యూయాను అనునది ఎలక్ట్రాను జాతికి చెందిన కణము. 1936లో ఆండర్సను, నెడ్డర్మెయరు అను అమెరికా శాస్త్రజ్ఞులు దీనిని విశ్వకిరణములలో కనుగొనిరి. దీని ద్రవ్యరాశి ఎలక్ట్రానుకు సుమారు 207 రెట్లు. ఇదియొక చిన్న అయస్కాంతము. అయస్కాంత క్షేత్రమున దీని అక్షము బొంగరమువలె తిరుగును. ఈ అయస్కాంత గుణమును తెలుపు సంఖ్యకు 'జీ' అని పేరు. 1928 నాటి డిరాక్ సిద్ధాంతము ననుసరించి అది సరిగా 2 కావలెను. కాని శూన్యమునందు క్షణమాత్రము పుట్టి గిట్టు కణములు దానిని రవంత హెచ్చించును. ఆ హెచ్చులో సగమునే శాస్త్రజ్ఞులు కొలుతురు.

జెనీవా చెంతనున్న సెర్న్ లోను, పిదప అమెరికాలోని బ్రూక్‌హేవెన్ లోను ఈ కొలతలు జరిగెను. బ్రూక్‌హేవెన్ కొలతకును నాటి సిద్ధాంతపు లెక్కకును తేడా తొమ్మిదవ దశాంశ స్థానమున కనబడెను. మన మెరుగని కణమేదైన గలదేమో యని పండితులు తలపోసిరి. 2013లో సుమారు 50 అడుగుల వెడల్పు గల అయస్కాంతపు తీగచుట్టలను విడదీయక, పడవమీదను బండిమీదను చికాగో చెంతనున్న ఫెర్మీలాబ్‌కు చేర్చి, మరల కొలువ నారంభించిరి.

అచటి వారు తమ గడియారపు నిజమైన వేగమును తామే యెరుగక లెక్కించిరి. ఆ రహస్యము ప్రయోగముతో సంబంధము లేని ఇద్దరియొద్ద నుండెను. కోరిన జవాబువైపు మనస్సు మొగ్గకుండుటకే ఈ యేర్పాటు.

2025 జూన్ 3న ప్రకటించిన తుది ఫలితము 0.001165920705. ఇందు సందేహము వందకోట్లలో 127 వంతులు మాత్రమే. అదే సంవత్సరమున సిద్ధాంతపు లెక్కను క్రొత్త పద్ధతిని సవరింపగా, అది కొలతతో సరిపడెను. క్రొత్త కణమునకు నిదర్శనము చిక్కలేదు. అయినను లెక్కలోని సందేహము కొలతలోని దానికి సుమారు నాలుగు రెట్లున్నది గనుక పని ముగియలేదు.

కొలిచినవారు చివరి అంకెలను వదలియుండినచో, ఆ తేడా కనబడెడిదే కాదు. లెక్కను సవరింపవలెనన్న తలంపును పుట్టెడిది కాదు. కావున తల్లిదండ్రులు తమ బిడ్డలచే చివరి అంకెవరకు లెక్క చేయింపవలెను. పుస్తకము వెనుకనున్న జవాబును ముందుగా చూడనీయకుడు. లెక్క ముగిసిన పిమ్మట చూచిన దోషము లేదు.