కాలు పోయిన సైనికుడు – మిగిలిన కీళ్ళ కథ

యుద్ధంలో మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్న సైనికుని గురించి చదివినప్పుడు మనం ఆ గాయం గురించే ఆలోచిస్తాము. గాయం మానింది, కృత్రిమ కాలు అమర్చారు, మళ్ళీ నడిచాడు అనగానే కష్టం తీరిందనుకుంటాము. కాని సైనికుడు చాలాసార్లు ఇరవై, ముప్ఫై ఏళ్ళ వయసులోనే కాలు పోగొట్టుకుంటాడు. ఆ తరువాత నలభై, యాభై ఏళ్ళు కృత్రిమ కాలితోనే నడవాలి. ఇన్నేళ్ళలో అతని మిగతా కీళ్ళు, ఎముకలు, కండరాలు ఏమవుతాయో ఈ వ్యాసంలో తెలుసుకుందాము.

మంచి కాలి మోకాలు

మనం నడిచేటప్పుడు పిక్క కండరాలు శరీరాన్ని ముందుకు తోస్తాయి. మామూలు కృత్రిమ పాదానికి ఆ కండరాలు లేవు. అందువల్ల మనిషి కృత్రిమ కాలి మీద తక్కువసేపు, మంచి కాలి మీద ఎక్కువసేపు నిలుస్తాడు. ఒక్క అడుగులో ఈ తేడా చాలా చిన్నది. రోజుకు వేల అడుగుల చొప్పున ఏళ్ళ తరబడి నడిస్తే మాత్రం మంచి మోకాలిలోని మృదులాస్థి అరుగుతుంది. అమెరికా మాజీ సైనికులపై జరిగిన అధ్యయనాలలో, రెండు కాళ్ళూ ఉన్నవారికంటే ఒక కాలు పోయినవారికి ఆ మిగిలిన మోకాలి నొప్పి ఎక్కువగా కనిపించింది.

కాలు పోయిన వైపు తుంటి

భారమంతా మంచి కాలి మీదే పడితే, రెండోవైపు తుంటి బాగుండాలి కదా? అలా జరగలేదు. బ్రిటన్‌లో కాలు పోయిన 44 మంది మాజీ సైనికుల ఎక్స్‌రేలు పరిశీలించి 1998లో ఫలితాలు ప్రకటించారు. కాలు పోయిన వైపు తుంటి అరుగుదల 27 మందిలో (61 శాతం), మంచి కాలి వైపు 10 మందిలో (23 శాతం) కనిపించింది.

ఎముకలకు భారం పడకపోవడం కూడా హానే. భారాన్ని బట్టి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లోనే చెప్పాడు. మోకాలి పైన కాలు తీసినవారిలో బరువు చాలావరకు సాకెట్ అంచు మీదుగా, మనం కూర్చునేటప్పుడు ఆనే ఎముక మీద పడుతుంది. తొడ ఎముకకు తగినంత భారం అందక గుల్లబారుతుంది. కోత వల్ల తుంటి చుట్టూ కండరాల సమతూకం కూడా చెడుతుంది. అప్పుడు జారిపడితే ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ.

నడుము

కృత్రిమ కాలు కొంచెం పొట్టిదైనా, పొడవైనా కటి ఒక పక్కకు ఒరుగుతుంది. గంటల తరబడి కూర్చునే ఉంటే తుంటి ముందుకు వంగి బిగుసుకుపోతుంది. నిలబడినప్పుడు ఆ లోటును నడుము వంచి పూడ్చుకోవాలి. మోకాలి పైన కాలు పోయినవారిలో నడుంనొప్పి మరీ ఎక్కువ.

ఏమి చేయాలి?

1. మిగిలిన కాలిభాగం కాలక్రమేణా సన్నబడి సాకెట్ వదులవుతుంది. అందుకే సాకెట్, కాలి పొడవు అప్పుడప్పుడు సరిచూపించుకోవాలి.
2. తుంటి, తొడ, నడుము కండరాలకు రోజూ వ్యాయామం ఉండాలి.
3. రోజూ కొంతసేపు బోర్లా పడుకుంటే తుంటి బిగుసుకుపోదు.
4. బరువు పెరగనివ్వకూడదు. ఆ బరువు మోసేది మంచి మోకాలే.

మన దేశంలో

పుణెలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ 1944 నుండి సైనికులకు కృత్రిమ అవయవాలు అమరుస్తున్నది. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి రూపొందించిన పాదంతో చెప్పులు లేకుండా నడవవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. 1971 యుద్ధంలో కాలు పోయిన ఇయాన్ కార్డోజో తరువాత బెటాలియన్‌ను నడిపించారు. 1999 కార్గిల్‌లో కాలు పోయిన మేజర్ డి.పి. సింగ్ హాఫ్ మారథాన్లు పరుగెత్తారు. వారి పట్టుదల మనకు స్ఫూర్తి. అయితే పట్టుదల ఉన్నవారికైనా వైద్యం అవసరమే.

మిత్రులారా! సైన్యంలో చేరాలనుకునేవారు మనలో ఎందరో ఉన్నారు. షుగరు వల్లనో, రోడ్డు ప్రమాదంలోనో కాలు పోయినవారు మన ఊళ్ళలోనూ ఉన్నారు. వారి కీళ్ళకూ ఇవే ఇబ్బందులు రావచ్చు. కృత్రిమ కాలు ఒకసారి ఇచ్చి ఫోటో దిగితే తీరే బాధ్యత కాదిది, జీవితాంతం అందవలసిన సేవ. అలాంటివారు కనబడితే “కాలు ఎలా ఉంది?” అని మాత్రమే కాక, “రెండో మోకాలు ఎలా ఉంది? నడుము నొప్పి ఉందా?” అని కూడా అడుగుదాం. నొప్పి ఉందంటే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళదాం.