కొల్లేటి మురుగుకాలువలు - చేపల పునరుద్ధరణలో వరి రైతు పని

కొల్లేరు మాట వచ్చినపుడు పక్షుల సంగతి అటవీశాఖవారిది, చేపల సంగతి మత్స్యశాఖవారిది, మనకేమి పట్టినదని కొందరు అడుగుచుందురు. నిజమునకు ఈ సంగతి అందరికంటె ముందు పట్టినది కొల్లేటి అంచున వరి పండించు రైతునకే. సరస్సు నీటిని ఇముడ్చుకొనలేని యేడు మునుగునది మన చేనే గదా!

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ నున్న పల్లము. అందులో అధికభాగము 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలో నున్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మెట్టనుండి వరదను తెచ్చి ఇందులో కలుపును. రెండు డెల్టాల మురుగుకాలువలును ఇందులోనికే దిగును. ఇంత నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. వచ్చు నీరు ఎక్కువ, పోవు దారి సన్నము. అందుచేత వానకాలమున సరస్సు వెడల్పుగా పరచుకొని, నీటిని కొంతకాలము నిలిపి, మెల్లగా విడుచుచుండును. ఇట్లు పరచుకొను లోతులేని అంచులే చేపలు గ్రుడ్లు పెట్టుకొను చోట్లు. వేసవిలో నీరు దిగిన మేర పూర్వము వరి కూడ పండించెడివారు.

తరువాత ఆ అంచులలో చేపల చెరువుల గట్లు లేచినవి. గట్టు చుట్టివచ్చినంత చోట వరద నిలువదు. ఆ నీరు వెనుకకు ఎగదన్ని చేలలో చేరును. 1999లో అయిదడుగుల కాంటూరు వరకు, అనగా 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యముగ ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తించిరి. 2006లో అక్రమ చెరువుల గట్లు చాలవరకు కొట్టివేసిరి. తరువాతి సంవత్సరములలో కొన్ని మరల లేచినవి. గట్టు కొట్టివేసినంతనే చేప తిరిగి రాదు. సరస్సు నుండి కాలువకు, కాలువ నుండి పల్లపు చేనికి దానికి దారి ఉండవలెను. ఆ దారి మన మురుగుకాలువయే.

కొర్రమేను సంగతి చూడుడు. ఇది మొప్పలతోనే గాక, నీటిపైకి వచ్చి గాలి మ్రింగి బ్రతుకు చేప. మట్టగిడస, మార్పు, ఇంగిలాయి కూడ అట్టివే. వానలు పడగానే కొర్రమేను జంట లోతులేని నీటిలో, తుంగ, నాచు నడుమ కొంత చోటు చదును చేసికొని గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు నీటిపై తేలును. పిల్లలు ఎర్రగా, గుంపుగా తిరుగుచుండును. వాటి క్రిందనే పెద్ద చేప కాపలా కాయుచుండును. వేటగానికి ఇదే గురుతు! ఆ ఒక్క చేపను పట్టినచో గుంపు దిక్కులేనిదై తక్కిన చేపలకు ఆహారమగును. ఎర్రగుంపు కనిపించిన చోట ఆ కొద్దివారములు వలవేయకుండుట కంటె చౌకైన చేపల పెంపకము నాకు తెలియదు.

ఇదివరలో కాలువగట్టును నీటివరకు నున్నగా చెక్కుమని చెప్పినవారిలో నేనును ఒకడను. అట్లు చెక్కించిన గట్టు రెండు వానలకే జారి కాలువ పూడినది. మరుసటి వేసవిలో పూడిక తీయు ఖర్చును రైతులే భరించిరి. ఇప్పుడు నేను చెప్పునది వేరు. నడిమి ధారను శుభ్రముగ ఉంచుడు. గట్టు పాదమున రెండడుగుల మేర తుంగ, జమ్ము ఉండనిండు. గట్టు నిలుచును, చేపకు చాటు దొరకును. పూడిక తీయునపుడు అక్కడక్కడ ఒక లోతైన గుంట విడిచినచో వేసవిలో నాలుగు తల్లిచేపలు మిగులును. మావులు కాలువకు అడ్డముగ ఈ గట్టునుండి ఆ గట్టువరకు కట్టరాదు. కొంతదారి విడువవలెను.

గుర్రపుడెక్క మాత్రము ఉండరాదు. అది నీటిని పూర్తిగ కప్పినచో క్రింద వెలుతురు, ప్రాణవాయువు తగ్గును. గాలికై పైకి వచ్చు చేపకును సందు దొరకదు. దానిని పెంచు వాటిలో మన యూరియా కూడ ఒకటి. కనుక చేలో నీరు ముందుగా తీసివేసి, బురద పదునున యూరియా చల్లి, 36 నుండి 48 గంటల తరువాత పలుచగ నీరు పెట్టుడు. చల్లిన పిదప నీరు తీసినచో మీ రూకలు కాలువ పాలగును. తీసిన డెక్కను గట్టుపైననే పడవేయక ఎండబెట్టి పేడతో కలిపి కంపోస్టు చేయవచ్చును. అయితే అందులో నూటికి 95 వంతులు నీరే. బండెడు డెక్కకు గంపెడు ఎరువు మాత్రమే వచ్చును.

పురుగు మందులలో సైపర్‌మెత్రిన్ వంటి పైరెత్రాయిడ్లు చేపకు మిక్కిలి విషము. వరిలో వాటిని వాడినచో సుడిదోమ తగ్గుటకు బదులు ఉధృతమగును. పైరునకు మేలు లేక, చేపకు చేటు తెచ్చు మందును కొనుట యెందులకు? ఏ మందు చల్లినను చేని తూము వెంటనే కాలువలోనికి తెరువకుడు.

పక్షుల విషయము ఒక్క మాట. ఆటపాక వద్ద గూడుకట్టు గూడకొంగలు తమ ఆహారమును ఈ నీటిలోనే వెదకుకొనవలెను. చేపకు దారి విడిచినచో వాటికై వేరుగ చేయవలసినది స్వల్పమే.

కాలువపనికి తగిన సమయము వైశాఖ, జ్యేష్ఠ మాసములు. తొలకరి వరదతో చేప ఎదురెక్కుటకు ముందే ముగింపవలెను. అభయారణ్యపు హద్దు లోపలి కాలువ యైనచో ముందుగా అటవీశాఖవారిని అడిగి అనుమతి పొందుడు.